ఇంటావిడ వినాలి

కాదు. ఆవిడ మనుషుల్ని నమ్మలేదు. ఒక్కర్నీ నమ్మలేదు.

ఈ మాట మొన్ననే చెప్పాల్సింది. అద్దంకి అవతల వాళ్ళ ఊళ్ళో, చర్చి ముందు షామియానా వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పాస్టరుగారు మైకు పట్టుకుని, "మన సహోదరి జీవితమంతా నోటిమాట మీదే బతికింది. ఎవరి దగ్గరా కాగితం ముక్క రాయించుకోలేదు. సాటి మనిషి మీద ఆమెకున్న విశ్వాసం అలాంటిది" అన్నారు. ముందు వరస కుర్చీల్లో తెల్లచొక్కాల రైతులు తలలూపారు. "అబద్ధం" అన్నాను నేను. మెల్లగానే అన్నాననుకున్నాను. నా మెల్లగా ఎంత గట్టిగా ఉంటుందో మా ఇంట్లో వాళ్ళనడగండి. ముందు వరస మొత్తం వెనక్కి తిరిగింది. పక్క కుర్చీలో ఒక ముసలామె, ఒకప్పుడు ఆవిడ కూలీల ముఠాలో మిరపకాయలు కోసిన మనిషి, నా మోచెయ్యి గిల్లి, "నీ నోరు ఇంకా తగ్గలా కోడలమ్మా" అంది.

తగ్గలేదు. అక్కడ చావింట్లో గొడవెందుకని ఆగాను గానీ, ఇక్కడ ఆగను.

సత్తెనపల్లి దగ్గర మా అత్తవారి ఊళ్ళో ఆవిడ గురించి ఇంకో కథ చెప్తారు. ఇళ్ళల్లో తగువులు పెట్టే మనిషనీ, మామకీ కోడలికీ మధ్య చిచ్చు పెట్టి పోయిందనీ. ఆ కోడల్ని నేనే కాబట్టి, అది కూడా అబద్ధమని చెప్పే అర్హత నాకుంది. పొగిడేవాళ్ళూ తిట్టేవాళ్ళూ ఆవిడ గొంతే విన్నారు. చేతులు చూడలేదు.

మేస్త్రమ్మ అనేవాళ్ళం. అసలు పేరు నాకు తెలుసు, రాయను. తన సంగతి ఎవరైనా కాగితం మీద పెడితే ఆవిడకి గుండె దడ.

ఎనభైల్లో మా వైపు మిరపకాయ కోతకి ఊళ్ళో మనుషులు చాలేవాళ్ళు కాదు. చేను పండుబారిందంటే ఆగదు. నాలుగు చినుకులు పడితే కాయ మచ్చలు తేలి తాలు కిందికి, సగం ధరకి పోతుంది. అందుకని మెట్ట ఊళ్ళనుంచి ఆడవాళ్ళ ముఠాలు వచ్చేవి. ముఠాని పోగుచేసి, రైతుతో బేరం మాట్లాడి, తెచ్చి, కోయించి, మళ్ళీ ఇళ్ళకి చేర్చే మనిషి మేస్త్రి. అందరూ మగవాళ్ళే. ఈవిడ ఒక్కతే ఆడది. ఒకరి దగ్గర జీతానికి లేదు, ఒకరు ఆవిడకి యజమాని కాదు. ఆవిడ దగ్గరున్న సరుకల్లా రైతు ఇచ్చిన మాట. ఆ మాటని తీసుకెళ్ళి వాళ్ళ ఊళ్ళో ముప్ఫై మంది ఆడవాళ్ళకి తన మాటగా ఇచ్చేది. ఇక్కడ రైతు తప్పితే అక్కడ తప్పింది ఆవిడే. ఇలాంటి బతుకు బతికిన మనిషిని పట్టుకుని విశ్వాసం, విశ్వాసం అంటే నాకు ఒళ్ళు మండదూ?

ఆవిడ గొంతు పెద్దది. మా వాకిట్లో నిలబడి మాట్లాడితే మూడో ఇంటికి వినపడేది. పొగరనుకునేవాళ్ళు. మూడో ఇంటికి వినపడాలనే ఆ గొంతు. బేరం సాగుతున్నంతసేపూ చీరకొంగు చివర చూపుడువేలికి చుట్టేది, విప్పేది, మళ్ళీ చుట్టేది. మాట తెగేసరికి ఆ వేలు కమిలిపోయి ఉండేది. కూర్చోమన్నా కూర్చునేది కాదు. మాటంతా అయిపోయి, "ఇక పోతన్నా అయ్యా" అని వీధి మలుపు దాకా వెళ్ళి, ఏదో మర్చిపోయినదానిలా గబగబా తిరిగొచ్చేది. "అయ్యా, ఇందాక ఏమనుకున్నాం?" రైతులు విసుక్కునేవాళ్ళు, నవ్వేవాళ్ళు, మళ్ళీ చెప్పేవాళ్ళు. రెండోసారి చెప్పినప్పుడు మొదటిసారి చెప్పిందే చెప్తున్నారా లేదా అని వాళ్ళ నోటి వంక చూస్తూ నిలబడేది.

వీటన్నిటికంటే పెద్ద పట్టింపు ఇంకొకటుంది. ఇంటావిడ వినాలి. మగవాడు ఒక్కడే ఉంటే మాట తీసుకునేది కాదు. ఇంటావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడాలి, మొత్తం వినాలి, అయ్యాక తన చేత్తో మంచినీళ్ళు పొయ్యాలి. మంచినీళ్ళంటే పూర్తిగానే చెప్తాను. ఆవిడ కోసం మా చూరు కింద గ్లాసు వేరే ఉండేది, నీళ్ళు పైనుంచి పోసేవాళ్ళం. ఆ తెల్లచొక్కాల ఇళ్ళల్లోనూ అలాంటి గ్లాసులుండేవి. ఇది వదిలేసి ఆవిడ విశ్వాసం గురించి రాస్తే నా రాత కూడా పాస్టరుగారి ప్రసంగంలాగే ఉంటుంది.

నాకు పెళ్ళయిన ఏడాది. గుంటూరులో బి.ఎ. పూర్తిచేసి ఆ ఇంటికి కోడలిగా వెళ్ళాను. మిరప పండుబారడానికి ఇంకా టైముందనగా ఒక పొద్దున ఆవిడ వచ్చింది. మావయ్యగారు వసారాలో పడకకుర్చీలో ఉన్నారు.

"అయ్యా, అమ్మగారేరి?"

"బాపట్ల పోయింది. అమ్మాయికి పురుడు."

"అట్టయితే అమ్మగారొచ్చినాకే వస్తా."

"అది వచ్చేసరికి నెలవుద్ది. ఈలోపు ఎర్రబడొద్దని కాయలకి చెప్పనా?"

"ఇంటావిడ వినాలి గదయ్యా."

"మా కోడలుంది, కనపట్టంలా? అది ఇంటావిడ కాదా ఏంది?"

ఆవిడ నా వైపు తిరిగింది. సంతలో గొడ్డుని చూసినట్టు చూసింది, ఏం దాచకుండా.

"పెళ్ళయి ఎన్నాళ్ళయిందమ్మా?"

"ఏడాది కావస్తోంది."

"కొత్తకోడలు సాక్షి నాకొద్దయ్యా. వింటది గానీ రేపు నోరెత్తదు."

మావయ్యగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "ఈ పిల్లా? నోరెత్తదా? ఒసే మేస్త్రీ, దీని నోటికి జడిసి మా పెరట్లో కాకులు వాలటం మానేసినయ్యే!"

ఆవిడ నవ్వలేదు. "నిజమేనా అమ్మా? మావగారితో ఎప్పుడన్నా వాదించావా?"

"రోజూ."

"గెలిచావా?"

"రోజూ."

మావయ్యగారి నవ్వు కాస్త తగ్గింది. ఆవిడ కొంగు వేలికి చుట్టుకుని, "అయితే విను తల్లీ" అని గొంతెత్తి మొదలుపెట్టింది. మొదటి రెండు కోతలు తూకం మీద. ఆఖరి కోత మాత్రం రోజు కూలి. ఎందుకంటే ఆఖరికి చెట్టున కాయ ఎక్కడో ఒకటి ఉంటుంది. పొద్దున్నించీ చాళ్ళల్లో నడిచినా గోతం అడుగు నిండదు. దానికి తూకం కడితే కోసినవాళ్ళకి వక్కపొడి కూడా రాదు. ఇక బసకి పాక, వంటచెరుకు అయ్యగారిది. తీసుకొచ్చిన ట్రాక్టరే ఇళ్ళ దగ్గర దింపాలి.

"సరేనా అయ్యా?"

"సరే."

"సరే అంటే చాలదయ్యా. మీ నోటితో అనండి."

మావయ్యగారు అన్నీ వరసగా అన్నారు. ఆయన అంటుంటే ఆవిడ పెదాలు కూడా కదిలాయి.

నేను ఊరుకోవచ్చుగా? లోపలికెళ్ళి తెల్లకాగితం, పెన్ను పట్టుకొచ్చాను. "ఇదంతా రాసి ఇద్దరూ సంతకాలు పెడితే సరిపోతుంది కదా. ఈ వినడాలెందుకు?"

కాగితం చూడగానే ఆవిడ మొహం మాడిపోయింది. "ఎందుకమ్మా అది? దాని మీద నా వేలిముద్ర పడుద్ది. అయ్యగారు సంతకం పెడతారా?"

నేను మావయ్యగారి వైపు చూశాను. ఆయన దూలాల్లో పిచ్చుకల వైపు చూస్తున్నారు. "కోతోళ్ళతో మాటకి సంతకాలేంటమ్మాయ్. ఊళ్ళో నవ్విపోతారు."

"చూశావా?" అంది ఆవిడ.

"ఆయన్నేం చూస్తాను, నేను పెట్టిస్తాను. నీ దగ్గరో కాగితం, మా దగ్గరో కాగితం."

"నా కాగితం నాకు చదివిపెట్టేదెవరు?"

"మీ పాస్టరుగారు చదవడా?"

"చదువుతాడు. చదివి, చదివినంత చెప్పాడో లేదో నాకెట్టా తెలుసుద్ది? అప్పుడు ఆయనకి ఇంకో సాక్షిని వెతకాల నేను."

దీనికి నా దగ్గర జవాబు లేకపోలేదు. ఉంది, చెప్పాను కూడా. ఇప్పటికీ కాగితం విషయంలో ఆవిడదే తప్పంటాను. చదువు రాకపోతే నేర్చుకోవాలి గానీ, కాగితం అంటేనే పారిపోతే ఎలా? కానీ నేను వాదిస్తూ ఉండగానే ఆవిడ నా చేతి నీళ్ళు తాగేసి, మలుపు దాకా వెళ్ళి, తిరిగొచ్చింది.

"అయ్యా, ఆఖరి కోత ఏమనుకున్నాం?"

"కూలే తల్లీ, రోజు కూలే! పోవే ఇక!"

"పోతన్నా." నా వైపు తిరిగింది. "విన్నావుగా?"

"చెవుడు లేదు నాకు."

"చెవుడుంటే డాక్టరుకి చూపించుకోవచ్చు. మొగమాటం ఉంటేనే కష్టం" అని వెళ్ళిపోయింది.

కోత మొదలయ్యాక రోజూ ఆవిణ్ణి చూశాను. అందరూ కాయ వంక చూసి కోస్తారు, ఆవిడ ఆకాశం వంక చూస్తూ కోసేది. పడమట మబ్బు తునక కనపడితే చాలు, చాళ్ళల్లో అటూ ఇటూ తిరిగేది. సాయంత్రం కాటా దగ్గర తూకాలేస్తుంటే, కాటా వేసేవాడి చేతి వంకా, తన ఆడవాళ్ళ మొహాల వంకా చూసేది. ఎవరైనా ఇద్దరు పక్కకెళ్ళి గుసగుసలాడితే వెంటనే వెళ్ళి, "ఏంది? ఏంది?" అని మధ్యలో దూరేది. ఆదివారం పొద్దున ముఠా అంతా పాక ముందు ప్రార్థన పెట్టుకుంటే, అందరి కళ్ళూ మూసుకుని ఉండేవి, ఆవిడవి తెరిచి ఉండేవి. ముఠాలో ఒక పొడుగావిడ దాని మీద జోకు వేసేది: "మా మేస్త్రమ్మకి దేవుడి మీద అనుమానం లేదులెండి. ఆయన ఇచ్చిన మాట మధ్యలో ఎవరన్నా మార్చి చెప్తారేమోనని కాపలా."

కాయ కోసీ కోసీ చేతులు మంటలెత్తుతాయి. రాసుకుంటారని ఒక మధ్యాహ్నం మజ్జిగ పట్టుకెళ్ళాను. అందరూ గట్టు మీద అన్నాలు తింటున్నారు. ఆవిడ క్యారేజి మూత కూడా తియ్యలేదు.

"ఎందుకంత భయం నీకు? మావయ్యగారు మంచివాడే" అన్నాను.

"మంచోళ్ళేనమ్మా అందరూ. కోతకి ముందు చెడ్డ రైతుని నేనింతవరకు చూళ్ళా."

"మరి?"

"మాట పచ్చికాయలాంటిదమ్మా. కోసినప్పుడు బరువుగానే ఉంటది. కళ్ళంలో ఎండినాక గదా అసలు తూకం." గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గడం నేను విన్నది అదే మొదలు. "ఒకేడు ఒకాయన కాదు పొమ్మన్నాడు. వట్టి చేతుల్తో తీసకపోయా అందర్నీ. మా వాళ్ళు ఆయన మీదికి పోలా. నా ఇంటి మీదికొచ్చారు. నా తోడబుట్టిందే నా వాకిట్లో కూర్చుని మన్ను పోసింది. నేనేం తిన్నానమ్మా? నేనూ కోశా గదా వాళ్ళతోపాటు?"

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు, ఆవిడ భయం మావయ్యగారు కాదని. ఆ గట్టు మీద అన్నం తింటూ నవ్వుకుంటున్న వాళ్ళే.

రెండు కోతలు బాగానే అయ్యాయి. ఈలోపు గుంటూరు యార్డులో ధర పడిపోయింది. కళ్ళంలో కాయ కుప్పలుగా ఉంది, కొనేవాడు లేడు. మావయ్యగారు యార్డుకి పోయి సాయంత్రం బస్సు దిగారు. కాళ్ళు కడుక్కోలేదు, చెప్పులతోనే వసారాలో కూర్చున్నారు. పురుగుమందుల కొట్టువాడికి ఏం చెప్పాలో ఆయనకి తెలియడం లేదని నాకు తెలుసు. ఆయన దుర్మార్గుడని రాయడం నాకు సులువే, కానీ కాదు. భయపడ్డ మనిషి. ఇద్దరూ భయపడ్డవాళ్ళే. కాకపోతే ఒకరికి వసారా ఉంది, ఒకరికి లేదు.

మర్నాడు ఆఖరి కోత మొదలవ్వాలి. పొద్దున్నే ఆవిడ వాకిట్లోకి వచ్చింది. మావయ్యగారు తల ఎత్తకుండానే, "ఈ కోత కూడా తూకమేనే" అన్నారు.

"అయ్యా?"

"మూడు కోతలూ తూకం మీదనే గదా అనుకుంది."

ఆవిడ గొంతు పెరుగుతుందనుకున్నాను. పెరగలేదు. వేలికి కొంగు చుట్టుకోవడం కూడా మర్చిపోయింది. వెనక రోడ్డు మీద ముప్ఫై మంది గోతాలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు. ఈ మాట ఇంకా వాళ్ళ చెవిన పడలేదు. ఆవిడ ఒకసారి వెనక్కి, వాళ్ళ వంక చూసింది. నీళ్ళు లోపలికి వస్తున్న పడవలో పిల్లల్ని చూసే తల్లి చూపు.

"కూలి అనుకున్నామయ్యా" అంది.

"ఎవరన్నారు? కావాలంటే మా కోడల్ని అడుగు. దాన్నే గదా నువ్వు సాక్షి పెట్టుకున్నావు. అడుగు!"

ఇదే ఆయన చేసిన పొరపాటు. రోజూ వాదించే కోడలే అయినా, వీధిలో ముప్ఫై మంది చూస్తుండగా మామగారి మాట కింద పడనివ్వదని ఆయన లెక్క. ఇంట్లో నోరు వేరు, వీధిలో నోరు వేరు అని మా వైపు ప్రతి కోడలికీ చెప్తారు. నాకూ చెప్పారు. నాకు ఎక్కలేదు.

అత్తయ్య అప్పటికే బాపట్ల నుంచి వచ్చేసింది. మజ్జిగ చెంబు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మేస్త్రమ్మ నా వైపు చూడలేదు. అత్తయ్య వైపు చూసింది. ఎందుకు చూసిందో అప్పుడు నాకు తెలీదు. ఆ బేరం జరిగినప్పుడు అత్తయ్య ఊళ్ళోనే లేదు కదా, ఈవిడ ఆవిణ్ణి చూస్తుందేమిటి అనుకున్నాను.

అనుకుంటూనే నోరు తెరిచాను. "రోజు కూలే అన్నారు మావయ్యగారూ. మీరే అన్నారు. మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చి అడిగితే మళ్ళీ అన్నారు."

గట్టిగానే అన్నాను. మూడో ఇంటికి వినపడింది. రోడ్డు మీద వాళ్ళకీ వినపడింది.

మావయ్యగారు లేచి నిలబడ్డారు. నన్ను చూశారు, రోడ్డు చూశారు. "సరే. కోడలు చెప్పింది. కూలే" అని లోపలికెళ్ళి తలుపేసుకున్నారు.

ఆఖరి కోత కూలి మీదే అయింది. పైసా తక్కువ కాకుండా ఇచ్చారు, ట్రాక్టరు కట్టించారు. ముఠా అంతా పాటలు పాడుకుంటూ ఎక్కుతున్నారు. నేను గెలిచానని నా మొహంలో రాసి ఉండుంటుంది. మేస్త్రమ్మ పెరటి వైపు నుంచి వచ్చింది. దణ్ణం పెడుతుందనుకున్నాను, నిజం చెప్పొద్దూ. ఆవిడ చూపుడువేలికి కొంగు బిగించి చుట్టుకుని ఉంది.

"ఎంత పని చేశావమ్మా" అంది.

"ఏం చేశాను? ఉన్నది ఉన్నట్టు చెప్పాను!"

"అదే."

"మరి నన్ను సాక్షి ఎందుకు పెట్టుకున్నావు? చెప్పొద్దనుకుంటే, నోరెత్తే మనిషి కావాలని ఎందుకడిగావు?"

"నోరుంటే అయ్యగారు జడుస్తారని. నోరు వాడతావనుకోలా." తల అడ్డంగా ఊపింది. "మీ అత్తగారు ఇన్నేళ్ళల్లో ఒక్కసారి కూడా చెప్పలేదమ్మా. అయ్యగారు ఇట్టా అడ్డం తిరిగినేళ్ళు లేవనుకున్నావా? మీ అత్తగారు ఆ మజ్జిగ చెంబు ఠంగుమని గడప మీద పెట్టి లోపలికి పొయ్యేది. అంతే. అయ్యగారు కాసేపు గొణిగి, 'సరేలేవే, అనుకున్నట్టే కానీ' అనేవోరు. మాట ఆయనదే, తప్పిందీ ఆయనే, దిద్దుకున్నదీ ఆయనే. ఎవురూ ఓడిపోయేవోళ్ళు కాదు. ఇప్పుడు కోతోళ్ళ ముందు ఓడిపోయాడు. కోడలి చేతిలో ఓడిపోయాడు. పైయేడు నన్ను పిలుస్తాడా?"

"వాళ్ళకి కూలి వచ్చిందా లేదా?"

"వచ్చిందమ్మా. ఈ యేటికి వచ్చింది."

పైయేడు పిలవలేదు. మావయ్యగారే కాదు, ఊళ్ళో ఏ రైతూ పిలవలేదు. "ఆ ముఠా వస్తే మన ఇంటి ఆడాళ్ళు కోర్టు పెడతారు" అని రచ్చబండ దగ్గర నవ్వుకున్నారట. ఎక్కణ్ణుంచో మగ మేస్త్రిని మాట్లాడుకున్నారు. ఆవిడ మిరపచేలు వదిలి ఎక్కడో పత్తితీతకి పోతోందని విన్నాం. మావయ్యగారు నాతో మాట్లాడటానికి ఎండాకాలం గడిచిపోయింది. అత్తయ్యనైతే నేనే నిలదీశాను. "మీరు ఆ రోజు చెంబు పెట్టబోతున్నారా లేదా? నిజం చెప్పండి." అత్తయ్య పప్పు రుబ్బుతూ, తల ఎత్తకుండా, "నువ్వు పెట్టనిస్తే గదా" అంది. పెట్టబోయాననీ అనలేదు, లేదనీ అనలేదు. అలా తప్పించుకోవడంలో ఆ ఇంట్లో అందరూ బి.ఎ.లే.

నేను మాత్రం చూశాను. ఆ చెంబు ఆవిడ చేతిలోంచి కదల్లేదు. ఆ ఏడాది అప్పులు అత్తయ్యకీ తెలుసు, అల్లుడికి పెట్టాల్సినవీ తెలుసు. ఆవిడ చెంబు పట్టుకుని అలా ఎంతసేపైనా నిలబడి ఉండేదేమో. ఎన్నేళ్ళుగానో దిగిన చెంబు ఆ ఏడు కూడా దిగుతుందని మేస్త్రమ్మకి ఎవరు చెప్పారు? మనుషుల్ని నమ్మలేదు, నమ్మలేదు అని నేను ఇందాకట్నుంచి మొత్తుకుంటున్నాను గానీ, ఒక్క చోట నమ్మిందేమోనని నా అనుమానం. అది మా అత్తయ్య చెంబు.

చాలా ఏళ్ళకి చిలకలూరిపేట బస్టాండులో కనపడింది. జుట్టు నెరిసింది. చుట్టూ ఆడవాళ్ళు, మూటలు, పత్తి గోతాలు. వాళ్ళని లెక్కపెట్టుకుంటూ, బస్సుబోర్డులు ఎవరెవరితోనో చదివించుకుంటోంది. ఒకడు చదివితే చాలదు, ఇంకొకణ్ణి పిలిచి మళ్ళీ అదే బోర్డు చదివిస్తోంది. నన్ను చూసి నవ్వింది. నేను నవ్వలేదు, నేరుగా మొదలుపెట్టాను.

"నా మీద కోపమేనా ఇంకా?"

"కోపమేందమ్మా. నువ్వు అబద్ధమాడావా ఏమన్నా?"

"మరి మా ఊరు రావడం మానేశావుగా?"

"పిలిస్తే గదా వచ్చేది. మీ అత్తగారు బాగుందా?"

"పోయింది. పోయినేడు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఇంట్లో ఎవరి గురించీ ఆవిడ అంత బాధపడగలదని నేననుకోలేదు. తర్వాత అంది, "అట్టయితే ఇంటావిడవి నువ్వేనన్నమాట."

"నేనే. మా ఆయన చేస్తున్నాడు వ్యవసాయం. ఈ ఏడు నువ్వే రా. నేను చెప్తాను ఆయనకి."

"మీ ఆయన మాట మీద ఉంటాడా?"

"ఉండకపోతే నేనున్నానుగా, చెప్పనూ?"

ఆవిడ నవ్విన నవ్వు నాకు నచ్చలేదు. చిన్నపిల్లలు చెట్టెక్కుతానంటే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. "చూద్దాంలేమ్మా" అంది. రాదని అప్పుడే తెలిసిపోయింది. అప్పుడు నేను అడగాల్సింది అడిగాను. ఆ రోజు నేను నోరు తెరవకుండా ఉంటే నువ్వేం చేసేదానివి అని. ఆవిడ వెనక్కి తిరిగి, "ఏమే, ఇందాక ఉన్నోళ్ళల్లో ఒకరు తగ్గారేందే?" అని అరుచుకుంటూ మూటల మధ్యకి వెళ్ళిపోయింది. ఎవరూ తగ్గలేదు. నేను కూడా లెక్కపెట్టాను.

మొన్న ఆ షామియానా కింద, కూడిక అయ్యాక, ఇడ్లీ ప్లేట్లు పంచుతుంటే పక్క ముసలామెని కూడా అదే మాట అడిగి చూశాను. ఆమె ఆ రోజు రోడ్డు మీద నిలబడ్డవాళ్ళలో ఒకతె. "నీ మాట మాకు వినపడింది గదమ్మా. వినపడకపోతే ఏమయ్యేదో మాకేం తెలుసు?" అంది. తర్వాత కాసేపు నమిలి, "దాని ఇంటి మీదికే పొయ్యేవోళ్ళం లే" అంది, మామూలుగా, ఇడ్లీ బాగుందన్నంత మామూలుగా.

నేను చేసింది తప్పని నేననను. నా చేత అనిపించాలని మా ఊరు ఇన్నేళ్ళు ప్రయత్నించింది, కుదరలేదు. ఆవిడ కూడా తప్పనలేదు, ఎంత పని చేశావంది, అది వేరే. కానీ నా గొడవ ఆవిడతో ఇంకా తెగలేదు. చచ్చిపోయినంత మాత్రాన వాదన వదిలేస్తానా?

చెప్పు మేస్త్రమ్మా. నేను మర్యాదగల కోడలిలా నోరు మూసుకుని, అత్తయ్య చెంబు అత్తయ్య చేతిలోనే ఉండిపోయి ఉంటే, ఆ వాకిట్లోంచి వెనక్కి తిరిగి, రోడ్డు మీద గోతాలు భుజాన వేసుకుని నిలబడ్డ ఆ ముప్ఫై మందితో నువ్వు ఏమనేదానివి?